ఎఫ్‌డీఐ వస్తే దేశం ఎదుగుతుందా? ఫ్యాక్టరీ వెనక గేటు నుంచి చూసినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: "ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు (ఎఫ్‌డీఐ) వస్తే వర్ధమాన దేశాల్లో వృద్ధి పెరుగుతుందని పాఠంలో ఉంది. మా నాన్నేమో 'వాళ్లొచ్చేది మన దగ్గర సంపాదించి పట్టుకుపోడానికేరా' అంటారు. ఎవరి మాట నిజం? నా ప్రాజెక్టు కూడా దీని మీదే."

ముందు నా సంగతి చెప్తాను, నా జవాబుని ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోవచ్చు. నేను ఎకనామిస్టుని కాను. మెకానికల్ డిప్లొమా చేసి 26 ఏళ్లు ఆటో విడిభాగాల రంగంలో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం వెండర్ డెవలప్‌మెంట్. పెద్ద కంపెనీకి కావలసిన పార్టు చేసివ్వగల చిన్న షాపుని వెతకడం, వాళ్లకి పని నేర్పించడం, వాళ్లు తప్పు చేస్తే వాళ్లతో పాటు నేనూ తిట్లు తినడం, ఇదే ఉద్యోగం. శ్రీపెరంబుదూరు, హోసూరు, చివరి కొన్నేళ్లు హిందూపురం వైపు. ప్రారంభోత్సవాలు జరిగే ముందు గేటు కాకుండా సరుకు లారీలు వచ్చే వెనక గేటు నుంచి ఎఫ్‌డీఐని చూశాను. రిటైరయ్యాక ఈ విషయం మీద కాస్త చదివాను కూడా.

నాకు అర్థమైంది ఒకటే. ఎఫ్‌డీఐలో డబ్బు అన్నిటికంటే చిన్న విషయం. ఎన్ని డాలర్లు వచ్చాయన్న దానికంటే, వచ్చినవాళ్ల పనితనం ఇక్కడివాళ్లకి ఎంత అంటుకుంది అన్నదాన్ని బట్టే దేశం ఎదగడమో ఎదగకపోవడమో ఉంటుంది. ఈ అంటుకోవడం దానంతటది జరగదు. మీ పాఠం ఆ ముక్క చెప్పకుండా దాటేసింది. మీ నాన్నగారు దాన్ని చూసే అవకాశం లేక డబ్బు ఒక్కటే లెక్కేశారు.

నాన్నగారి మాటతోనే మొదలుపెడదాం, అందులో లెక్క ఉంది కాబట్టి.

ఒక విదేశీ సంస్థ మన కంపెనీలో 10 శాతం, ఆ పైన వాటా తీసుకుంటే దాన్ని ప్రత్యక్ష పెట్టుబడి కింద లెక్కేస్తారు. షేర్ మార్కెట్లో అంతకంటే తక్కువ కొనుక్కుంటే అది పోర్ట్‌ఫోలియో పెట్టుబడి, పొద్దున వచ్చి సాయంత్రం పోగలదు. ఈ 10 శాతం గీత వల్ల ఒకే పేరు కింద వేరు వేరు సరుకులు చేరిపోతాయి. బీడు నేల చదును చేసి కొత్తగా కట్టిన ఫ్యాక్టరీ ఎఫ్‌డీఐయే. నడుస్తున్న మందుల కంపెనీని విదేశీయులు కొనేసుకుంటే అదీ ఎఫ్‌డీఐయే, అక్కడ కొత్తగా ఒక్క మిషనూ దిగకపోయినా సరే. ఇక్కడ సంపాదించిన లాభాన్ని ఇంటికి పంపకుండా ఇక్కడే మళ్లీ పెట్టినా ఎఫ్‌డీఐయే. మన దేశానికి 2000 నుంచి ఈక్విటీగా, అంటే వాటాల కోసం వచ్చిన డబ్బులో దాదాపు సగం సింగపూర్, మారిషస్‌ల నుంచి వచ్చినట్టు లెక్కల్లో ఉంటుంది. మారిషస్ చిన్న ద్వీపం. అంత డబ్బు అక్కడ పండదు కదా! వేరే దేశాల డబ్బు, మారిషస్‌తో మనకున్న పన్ను ఒప్పందం నీడలో అక్కడి నుంచి తిరిగి వస్తుంది. కొంత మన డబ్బే గుండ్రంగా చుట్టి వస్తుందని చాలాకాలంగా అనుమానం. ఆ ఒప్పందాన్ని 2016లో సవరించారు.

2024-25లో మన దేశానికి వచ్చిన మొత్తం ఎఫ్‌డీఐ సుమారు 8,100 కోట్ల డాలర్లు. పేపర్లో హెడ్డింగు ఇదే వస్తుంది. అదే ఏడాది ఇక్కడ ముందే పెట్టినవాళ్లు వాటాలు అమ్ముకుని వెనక్కి తీసుకెళ్లింది 5,000 కోట్ల డాలర్ల పైన. మన కంపెనీలు విదేశాల్లో పెట్టింది కూడా తీసేస్తే నికరంగా మిగిలింది వంద కోట్ల డాలర్లు కూడా లేదు. అంతకు ముందు ఏడాది సుమారు 1,000 కోట్లు మిగిలింది. 2024 అక్టోబర్లో హ్యుందాయ్ మోటార్ ఇండియా పబ్లిక్ ఇష్యూ గుర్తుందా? 27,870 కోట్ల రూపాయలు, అప్పటికి దేశంలో అదే అతి పెద్దది. అందులో కంపెనీ ఖాతాలో పడింది సున్నా. కొరియాలోని మాతృసంస్థ తన వాటాలో 17.5 శాతం అమ్ముకుంది, డబ్బంతా అటే వెళ్లింది.

చూశారా, పట్టుకుపోతున్నారు అని మీ నాన్నగారు అనొచ్చు. కానీ అదే హ్యుందాయ్ 1996లో చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో మొదలుపెట్టి, 1998లో శాంత్రో బయటికి తెచ్చింది. ఈ పాతికేళ్లలో శ్రీపెరంబుదూరు చుట్టూ పుట్టిన విడిభాగాల షాపులు, అక్కడ పని నేర్చుకున్న మనుషులు, వాళ్లని ఎవరూ విమానం ఎక్కించి సియోల్ తీసుకెళ్లలేదు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. డబ్బు వచ్చింది, డబ్బు వెళ్లింది. నేర్చుకున్నది ఇక్కడే ఉంది.

ఈ నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను.

హోసూరులో ఒక చిన్న ప్రెస్ షాపు, అంటే డై అనే అచ్చుతో రేకుని నొక్కి, కోసి పార్టులు చేసే చోటు. నాలుగు ప్రెస్సులు, పన్నెండు మంది మనుషులు. ఓనరు గట్టివాడు, ఒకప్పుడు స్వయంగా టూల్‌రూమ్‌లో పనిచేసినవాడే. వాళ్లకి రెండు రంధ్రాలున్న ఒక బ్రాకెట్ పార్టు ఇప్పించాను. మొదటి లాట్లోనే గోల. అంచుల్లో బర్రు, అంటే రేకు కోసిన చోట మిగిలే పదును. చేత్తో తడిమితే గీరుకుంటుంది. ఆ బ్రాకెట్ పక్కనుంచి వైరు వెళ్తుంది కాబట్టి ఊరుకునే సంగతి కాదు. విదేశీ భాగస్వామి తరఫున ఒక క్వాలిటీ ఇంజనీరు వచ్చాడు. తిడతాడని మేమందరం టెన్షన్‌గా ఉన్నాం. ఆయన పార్టులు వేసే ఒక ఖాళీ బిన్ను బోర్లించి, ప్రెస్ పక్కన దాని మీద కూర్చుని పూటంతా చూశాడు. మధ్యాహ్నం ఓనర్ని ఒకే మాట అడిగాడు: "ఈ డైకి ఎప్పుడు సాన పెడతారు?"

"మొద్దుబారినప్పుడు."

"మొద్దుబారిందని ఎలా తెలుస్తుంది?"

"బర్రు వస్తుంది కదా సార్."

"అంటే మీ కస్టమర్ ఫోన్ చేసినప్పుడన్నమాట."

మా ఓనరు ముఖం చూడాలి! మర్నాడు ప్రెస్‌కి ఒక స్ట్రోక్ కౌంటర్ పెట్టించాం. రెండు వేల రూపాయలు కూడా కాలేదు. ఇన్ని వేల దెబ్బలు పడగానే, బర్రు వచ్చినా రాకపోయినా, డై దించి సాన పెట్టాలి. మూడు నెలల్లో రిజెక్షన్ దాదాపు పోయింది. అసలు కథ ఆ తర్వాతది. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే నాలుగు ప్రెస్సులకీ కౌంటర్లున్నాయి. మిగతా మూడింటి మీద ఆయన చేసేది మా పార్టు కాదు, ఒక పంపుల కంపెనీకి, ఒక ఫ్యాన్ల కంపెనీకి. ఆ పంపుల కంపెనీకి విదేశీ పెట్టుబడితో ఏ సంబంధమూ లేదు. వాళ్ల బ్రాకెట్లు బాగుపడ్డాయి, అంతే. మా బ్రాకెట్ అమ్మకం జీడీపీలో ఎక్కడో పడి ఉంటుంది. పంపు బ్రాకెట్ బాగుపడటాన్ని మాత్రం ఏ రిపోర్టూ ఎఫ్‌డీఐ ఖాతాలో వేయదు.

ఎకనామిస్టులు దీన్నే స్పిల్‌ఓవర్ అంటారు. దీని మీద జరిగిన పరిశోధనల్లో మూడు మీ ప్రాజెక్టుకి తప్పనిసరి. ఏట్కెన్, హారిసన్ అనే ఇద్దరు 1999లో వెనిజులా ఫ్యాక్టరీల లెక్కలు తీసి చూస్తే, విదేశీ కంపెనీ వచ్చాక అదే సరుకు చేసే స్థానిక కంపెనీల ఉత్పాదకత తగ్గినట్టు తేలింది. ఇందులో ఆశ్చర్యం లేదు. పోటీదారు వచ్చి నీ మార్కెట్టు లాక్కుంటే, తరిగిన ఆర్డర్ల మీద నీ ఖర్చులు భారమవుతాయి. జావొర్చిక్ అనే ఆమె 2004లో లిథువేనియా లెక్కలు చూసి వేరే సంగతి చెప్పింది. పోటీదారులకి కాదు, ఆ విదేశీ కంపెనీకి సరుకు సప్లై చేసే స్థానిక కంపెనీలకి లాభం కనిపించిందట. అంటే నేర్పు పక్కింటికి గోడ దూకి పోదు, వెనక గేటు నుంచి సప్లయర్ దగ్గరికి నడిచి వెళ్తుంది. నేను రిటైరయ్యాక ఇది చదివి, నా పాతికేళ్ల ఉద్యోగానికి ఎవరో థియరీ రాసి పెట్టారే అనుకున్నాను.

మూడోది 1998 నాటిది. బోరెన్‌స్టైన్, ఆయన సహచరులు 69 వర్ధమాన దేశాల్ని చూసి, ఎఫ్‌డీఐ వల్ల వృద్ధి పెరగాలంటే ఆ దేశంలో చదువు ఒక స్థాయి దాటి ఉండాలన్నారు. దాటకపోతే డబ్బు వచ్చినా పెద్దగా ఒరిగేది లేదు. షాపు భాషలో చెప్పాలంటే, వెర్నియర్ అనే కొలత పరికరం చదవడం రానివాడికి వెర్నియర్ ఇస్తే ఏం లాభం? ఐటీఐలు బాగున్న చోట నాకు వెండర్లు దొరికారు, లేని చోట దొరకలేదు. దీన్ని మించిన విశ్లేషణ నా దగ్గర లేదు.

ఇప్పుడు రెండో వైపు. ఇంకో విదేశీ కంపెనీ, పేరు చెప్పను. వాళ్లు వస్తున్నారని తెలిసి మా చుట్టుపక్కల చిన్న షాపులవాళ్లు అప్పులు చేసి మిషన్లు దించారు. వాళ్లు వచ్చారు, వాళ్లతో పాటు వాళ్ల దేశపు సప్లయర్లూ వచ్చారు. ప్రెస్ పార్టులు, ప్లాస్టిక్, వైరింగు, అన్నీ వాళ్లవాళ్లకే. ఇక్కడివాళ్లకి మిగిలింది అట్టపెట్టెలు, చెక్క ప్యాలెట్లు, క్యాంటీను, సెక్యూరిటీ, బస్సులు. ఎలాగో ఒక చిన్న పార్టు దక్కించుకున్న మా పరిచయస్థుడికి ఏటా రేటు తగ్గించమని ఒత్తిడి, పైగా డబ్బులు 90 రోజులకి. చిన్న సంస్థలకి 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టంలోనే ఉంది. కానీ కేసు పెడితే మళ్లీ ఆర్డరు వస్తుందా? మూడో ఏట ఆయన ఆ మిషన్ అమ్మేశాడు. ఎఫ్‌డీఐ లెక్కల్లో ఈ కంపెనీ, ఆ స్ట్రోక్ కౌంటర్ కంపెనీ పక్కపక్క వరసల్లోనే ఉంటాయి. డాలర్లలో చూస్తే ఈ పేరు చెప్పని కంపెనీయే పెద్దది.

వాళ్లని కూడా నేను పూర్తిగా తప్పు పట్టను. లైను ఆగితే నిమిషానికి లెక్క, కొత్తవాణ్ణి నమ్మి ఎవరు రిస్కు తీసుకుంటారు? నమ్మేలా చేయడం ఎవరి పని అన్నదే ప్రశ్న. ఈ విషయంలో దేశాలు తలోదారి పట్టాయి.

మన మారుతి కథనే చూడండి. 1982లో సుజుకీతో ఒప్పందం కుదిరినప్పుడు వాళ్ల వాటా 26 శాతమే, మిగతా 74 ప్రభుత్వానిది. 1983 డిసెంబర్లో మొదటి మారుతి 800 బయటికి వచ్చింది. అప్పట్లో అది జపాన్ నుంచి వచ్చిన విడిభాగాల్ని ఇక్కడ బిగించిన కారే. కానీ ఏటేటా స్థానిక విడిభాగాల వాటా పెంచాలని ప్రభుత్వం షరతు పెట్టింది. దేశంలో ఆ నాణ్యతతో చేసేవాళ్లు లేరు. అప్పుడు మారుతి సప్లయర్లని తనే పుట్టించింది. మన పారిశ్రామికవేత్తని, జపాన్ కంపెనీని కలిపి కొత్త సంస్థలు పెట్టించి, కొన్నింట్లో తనూ వాటా తీసుకుంది. అసాహి ఇండియా గ్లాస్, సోనా స్టీరింగ్, జై భారత్ మారుతి అలా ఎదిగినవే. గుర్‌గావ్ చుట్టుపక్కల ఈరోజు మీరు చూసే విడిభాగాల పరిశ్రమకి వేరు అక్కడుంది. తర్వాత 2002లో సుజుకీ వాటా సగం దాటి కంపెనీ వాళ్ల చేతికే వెళ్లింది. ఏటా రాయల్టీ రూపంలో జపాన్‌కి పెద్ద మొత్తమే పోతుంది. అయినా ఆ బేరం మనకి లాభమేనని నా అభిప్రాయం. ఒక్క మాట ఒప్పుకోవాలి. అలాంటి స్థానిక వాటా షరతులు ఇప్పుడు పెట్టడం కష్టం, 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు వాటిని కుదరనివ్వవు.

వియత్నాం దారి వేరు. 1986లో దోయ్ మోయ్ పేరుతో సంస్కరణలు మొదలుపెట్టి, 1987 చివర్లో విదేశీ పెట్టుబడుల చట్టం తెచ్చారు. అమెరికాతో 2001లో వాణిజ్య ఒప్పందం, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యత్వం. హనోయి పక్కన బాక్ నిన్‌లో శామ్‌సంగ్ 2009లో ఫోన్లు చేయడం మొదలుపెట్టింది, తర్వాత థాయ్ ఎన్గుయెన్‌లో ఇంకా పెద్ద ఫ్యాక్టరీ కట్టింది. కొన్నేళ్లకి శామ్‌సంగ్ ప్రపంచమంతా అమ్మే ఫోన్లలో దాదాపు సగం అక్కడివే అయ్యాయి. దేశం ఎగుమతుల్లో ఐదో వంతుకు పైగా ఆ ఒక్క కంపెనీవే అయిన దశ ఉంది. తలసరి ఆదాయం 4,000 డాలర్లు దాటింది. మన కంటే ఎక్కువ. పేదరికం తగ్గింది. మీ పాఠం వియత్నాంని చూసి రాసి ఉంటే తప్పు పట్టలేం.

అయితే 2014లో అక్కడ ఒక రభస జరిగింది. మాకు ఈ పార్టులు కావాలి, ఎవరైనా చేసివ్వండి అని శామ్‌సంగ్ ఒక జాబితా బయటపెట్టింది. అందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేనివీ ఉన్నాయి. ఆ నాణ్యతతో, ఆ ధరకి, ఆ సంఖ్యలో ఇవ్వగల స్థానిక కంపెనీలు దాదాపు లేవు. మనం ఒక స్క్రూ కూడా చేయలేమా అని దేశమంతా చర్చ. ఆ రోజుల్లో నేరుగా సప్లై చేసే వియత్నామీ కంపెనీలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎగుమతులు కొండంత, లోపల చేరిన విలువ గోరంత. అప్పుడు ప్రభుత్వం, కంపెనీ కలిసి కొరియా నుంచి సీనియర్ ఇంజనీర్లని రప్పించి స్థానిక షాపుల్లో కూర్చోబెట్టాయి, మా బిన్ను మీద కూర్చున్న ఆయనలాగే. తర్వాతి ఆరేడేళ్లలో ఆ సప్లయర్ల సంఖ్య పదుల్లోకి వచ్చింది. ఇప్పటికీ ఎగుమతుల్లో 70 శాతం పైగా విదేశీ కంపెనీల చేతిలోనే ఉంది. ఆ దేశం ఇంకా తేల్చుకోవలసిన లెక్క ఇది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ బంగ్లాదేశ్‌ది, తమాషా ఏంటంటే అది ఎఫ్‌డీఐయే కాదు. 1970ల చివర్లో నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి దేశ్ గార్మెంట్స్ అని ఒక కంపెనీ పెట్టి, కొరియా కంపెనీ డేవూతో ఒప్పందం చేసుకున్నాడు. డేవూ వాటా తీసుకోలేదు. నేర్పుతాను, సరుకు అమ్మిపెడతాను, అమ్మకాల మీద కమిషన్ ఇవ్వు అంది. 1979లో సుమారు 130 మందిని పూసాన్‌లోని డేవూ ఫ్యాక్టరీకి ఆరు నెలల శిక్షణకి పంపారు. కుట్టడం మాత్రమే కాదు, లైను నడపడం, నాణ్యత చూడడం, విదేశీ కొనుగోలుదారుతో మాట్లాడడం కూడా. తిరిగొచ్చిన వాళ్లలో వంద మందికి పైగా తర్వాతి పదేళ్లలో కంపెనీ వదిలేసి సొంత గార్మెంట్ ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, లేదా అలా పెట్టినవాళ్ల దగ్గర చేరారు. ఓనరుకి అది కడుపుకోతే అయ్యుండాలి. దేశానికి మాత్రం రెడీమేడ్ బట్టల పరిశ్రమ మొత్తం అక్కణ్ణించే మొలిచింది, ఇప్పుడు ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులు అదే. వచ్చిన విదేశీ డబ్బు దాదాపు సున్నా. అంటుకున్న నేర్పు ఎంతో చూడండి.

కొరియా సంగతి ఇంకా విచిత్రం. ఈరోజు ప్రపంచమంతా ఫ్యాక్టరీలు పెడుతున్న ఆ దేశం తను ఎదిగే రోజుల్లో ఎఫ్‌డీఐని అంతగా రానివ్వలేదు. అప్పు తెచ్చుకుంది, టెక్నాలజీని ముక్కలుగా కొనుక్కుంది. హ్యుందాయ్ మొదటి సొంత కారు పోనీ 1975లో వచ్చింది. డిజైన్ ఇటలీ జుజారోది, ఇంజిన్ మిత్సుబిషిది, పని నడిపించినాయన బ్రిటిష్ లేలాండ్ నుంచి వచ్చిన జార్జ్ టర్న్‌బుల్. పెత్తనం మాత్రం కొరియావాళ్లది. అలాగని అందరూ కొరియాలా చేయొచ్చని కాదు. అప్పులు తీర్చేంత ఎగుమతి చేయగలిగితేనే ఆ దారి సాగుతుంది. అప్పులు తెచ్చి మునిగిన దేశాలు కొరియా కంటే ఎక్కువే ఉన్నాయి.

చమురు, గనుల పెట్టుబడి గురించి ఎక్కువ చెప్పను, అది వేరే జాతి. ఈక్వటోరియల్ గినీలో 1990లలో చమురు పడ్డాక తలసరి ఆదాయం కాగితం మీద ఆకాశానికి ఎక్కింది, జనం ఉన్న చోటే ఉన్నారు. సముద్రంలో రిగ్గుకి ఒడ్డు మీది వెల్డింగ్ షాపుతో పనేముంటుంది?

వెళ్లిపోతే ఏంటి అన్నది మీ నాన్నగారి తర్వాతి ప్రశ్న అయి ఉంటుంది. ఇంటెల్ 1990లలో కోస్టారికాలో చిప్‌ల అసెంబ్లీ, టెస్టింగ్ ప్లాంటు పెట్టింది. అంత చిన్న దేశానికి అదే దేశ చరిత్రలో పెద్ద పండగ. 2014లో ఆ పనిని ఆసియాకి మార్చేస్తున్నామని ప్రకటించి సుమారు 1,500 ఉద్యోగాలు తీసేసింది. దేశం కుప్పకూలుతుందన్నారు. కూలలేదు. ఆ పదిహేను, పదహారేళ్లలో తయారైన టెక్నీషియన్లు, శుభ్రమైన గదుల్లో పనిచేసే అలవాటు, ఇంగ్లీషు మాట్లాడే సూపర్‌వైజర్లు, వీళ్లని చూసి వైద్య పరికరాల కంపెనీలు వచ్చి చేరాయి. ఇప్పుడు ఆ దేశపు అతి పెద్ద ఎగుమతి అదే. కొన్నేళ్లకి ఇంటెల్ కూడా తిరిగొచ్చి టెస్టింగ్ మొదలుపెట్టింది, 2025లో మళ్లీ ఆ పనిని ఆసియాకి మారుస్తామంది.

ఇక మన దగ్గరికి. పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా రావడం నేను కళ్లారా చూశాను. 2017 ఏప్రిల్లో ఒప్పందం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం, 2019లో సెల్టాస్. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా అది. వేరుశనగ పోతే బెంగళూరుకో కేరళకో వలస పోవడమే తెలిసిన ఊళ్లు. హంద్రీనీవా నుంచి గొల్లపల్లి రిజర్వాయర్‌కి నీళ్లు రావడం, పక్కనే బెంగళూరు హైవే ఉండటం కలిసొచ్చాయి. ఆ ఊరి బోర్డుల మీద కొరియా లిపి కూడా కనిపించింది! మంచి జరిగిందా అంటే జరిగింది. నెల జీతం అన్న మాట తెలియని ఇళ్లలోకి జీతం వచ్చింది. కానీ ఇక్కడ కూడా పెద్ద విడిభాగాల యూనిట్లు ఎక్కువగా కియా వెంట వచ్చిన కొరియా కంపెనీలవే. అనంతపురం, హిందూపురం కుర్రాళ్లు వాటిలో లైను మీద ఉన్నారు. వాళ్లలో ఒకడు పదేళ్లు పనిచేసి, బయటికొచ్చి సొంత షెడ్డు వేసుకున్న రోజున అది దేశ్ గార్మెంట్స్ కథ అవుతుంది. అది జరగాలంటే వాడికి బ్యాంకు అప్పివ్వాలి. అర కోటి మిషన్‌కి అప్పడిగితే పొలం కాగితాలు తెమ్మంటారు. నేను చూసినంతలో తెలివైన వెండర్లు ఆగిపోయింది పని రాక కాదు, ఇక్కడే.

తడ దగ్గర శ్రీసిటీ 2008లో మొదలైంది. ఇసుజు, డైకిన్, చాక్లెట్లు చేసే మాండెలిజ్, ఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్, చాలానే ఉన్నాయి. సత్యవేడు, వరదయ్యపాలెం పల్లెల ఆడపిల్లలు యూనిఫాం వేసుకుని కంపెనీ బస్సెక్కడం అక్కడ నాకు కనిపించిన పెద్ద మార్పు. పెళ్లి రెండేళ్లు వాయిదా పడటం, ఇంట్లో మాటకి విలువ రావడం కూడా అభివృద్ధిలో భాగమే, మీ ఎకనామిక్స్ లెక్కల్లో, ఏ రిగ్రెషన్‌లో పట్టుకుంటారో మీరే చూడాలి.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ డేటా సెంటర్లు. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్లో ప్రకటించింది. డాలర్లలో చూస్తే కియాకి పదమూడు రెట్లు. ఉద్యోగాల్లో పదమూడు రెట్లు వస్తాయని ఆశపడితే మాత్రం నిరాశే. కట్టేటప్పుడు వేల మందికి పని ఉంటుంది, కట్టాక సర్వర్లని చూసుకునేవాళ్లు కొద్దిమంది చాలు. సర్వర్లు దిగుమతి. కరెంటు, నీళ్లు, సముద్రపు కేబుల్ మనవైపు. దండగ అనడం లేదు. దాని చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కూలింగ్, కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ల పని చేసేవాళ్లు ఇక్కడే తయారైతే సంగతి వేరు. డాలర్ల అంకె చూసి రెండింటినీ ఒకే తక్కెడలో వేయొద్దంటున్నాను, అంతే.

రాయితీల గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఒకే కంపెనీ కోసం మూడు రాష్ట్రాలు పోటీపడి భూమి, పన్ను, కరెంటు తగ్గించుకుంటూ పోతే గెలిచింది ఎవరు? కంపెనీ చాలాసార్లు ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని ఉంటుంది. మిగతా రెండు రాష్ట్రాల కాగితాలు బేరానికి పనికొస్తాయి. నేను బల్లకి కంపెనీ వైపు కూర్చుని ఇది చూశాను. అదే రాయితీని స్థానిక సప్లయర్ల నుంచి కొన్న మేరకే ఇస్తామంటే కంపెనీల కొనుగోలు విభాగం మా షాపుల వైపు రెండుసార్లు తిరిగి చూసేది. ప్రపంచవ్యాప్తంగా 15 శాతం కనీస పన్ను మొదలయ్యాక, అంటే వియత్నాంలాంటి దేశాలు 2024 నుంచి అమలు చేస్తున్నాక, పన్ను మినహాయింపుల ఆశ పెద్ద కంపెనీలకి ఎలాగూ తగ్గుతుంది. మిగిలేది రోడ్డు, కరెంటు, చదువు, మాట మీద నిలబడటం. ఆఖరిదాన్ని చిన్నది అనుకోవద్దు. 2012లో మన ప్రభుత్వం పాత లావాదేవీల మీద వెనకటి తేదీ నుంచి పన్ను వేసి, అంతర్జాతీయ కేసుల్లో ఓడి, 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తొమ్మిదేళ్ల చెడ్డ పేరు ఏ రాయితీతోనూ పోలేదు.

మీ ప్రాజెక్టు గురించి. 150 దేశాల ఎఫ్‌డీఐ, జీడీపీ వృద్ధి తీసుకుని ఒక గీత గీయకండి. అది వందల మంది చేసేశారు, ఫలితం దేశాల్ని ఎంచుకున్నదాన్ని బట్టి మారుతుంది. పైగా పెట్టుబడి వల్ల ఎదిగారా, ఎదుగుతున్నారని పెట్టుబడి వచ్చిందా అన్నది ఆ గీతలో తెలియదు. సంతలో జనం ఉన్నచోటికే మిరపకాయ బజ్జీల బండి వస్తుంది కదా. ఒక్క జిల్లా తీసుకోండి. మొత్తం, నికర లెక్కలు వేరు చేయండి, కొత్త ఫ్యాక్టరీని, కొనుగోలుని వేరు చేయండి. తర్వాత ఇరవై మంది చిన్న వెండర్ల దగ్గరికి వెళ్లి, విదేశీ కంపెనీ పని మొదలుపెట్టాక మిగతా కస్టమర్ల పనిలో ఏం మార్చుకున్నారో అడగండి. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పరు, లెక్కలు అడిగారని భయపడతారు. షాపులోకి వెళ్లి ప్రెస్సులకి కౌంటర్లున్నాయో లేదో చూసి, ఏ మిషన్ మీద ఎవరి పార్టు నడుస్తోందో అడగండి.

వీలైతే ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఏదైనా పెద్ద ఫ్యాక్టరీ వెనక గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చోండి. లోపలికి వెళ్లే లారీల నంబరు ప్లేట్లు, ఏ ఊరి సరుకో రాసుకోండి. నేను చివరిసారి అలా కూర్చున్నప్పుడు గంటలో పద్నాలుగు లారీలు వెళ్లాయి. తమిళనాడు, కర్ణాటక బళ్లే ఎక్కువ. మన ఆంధ్ర నంబరు ఉన్నవి మూడు. రెండింట్లో ప్యాలెట్లు, అట్టపెట్టెలు. మూడోదాని వెనక తలుపు సగం తెరిచి ఉంది, నీలం బిన్నుల్లో ప్రెస్ పార్టులు. డ్రైవర్ని అడిగితే హిందూపురం ఇండస్ట్రియల్ ఎస్టేట్ నుంచి, ఈ ఏడాదే మొదలైన షాపు అన్నాడు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.